కార్నరు, కవరు, మధ్యలో సందు

మా అమ్మాయి కొడుకుకు కబడ్డీయే ఉద్యోగం. టీవీలో వచ్చే లీగులో ఒక జట్టుకు లెఫ్ట్ కవరుగా ఆడతాడు. ఈ సీజనుకు నెల ముందు ఒక ఇంటర్వ్యూలో, పెళ్లెప్పుడని అడిగితే, తనకు మగవాళ్లంటేనే ఇష్టమని, ఒకతనితో కలిసి ఉంటున్నానని చెప్పేశాడు. ఇంట్లో మాకు రెండేళ్ల ముందే చెప్పాడు. నాకు అర్థం కావడానికి కొంతకాలం పట్టింది. వాడు తొందరపెట్టలేదు.

బెంగాలీల మధ్య ఉన్న మా రైల్వే ఊళ్లో, ఖరిదా పేటలోని మా వీధిలో గొడవేమీ జరగలేదు. ఎదురింటావిడ మాత్రం మంచి డాక్టరుకు చూపించమంది. వాడి మోకాలికి చూపిస్తూనే ఉన్నామని చెప్పాను.

మనవడి భయం వీధి గురించి కాదు. కబడ్డీలో కూతకు వచ్చినవాణ్ణి ఆపాలంటే పక్కపక్కవాళ్లు చేతులు పట్టుకుని కదలాలి. కవరు చెయ్యి, వరస చివర నిలబడే కార్నరు చేతిలో ఉండాలి. ఆ కార్నరు మా ఊరివాడే, ఝపటాపూర్ పేట కుర్రాడు, పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. చిన్నప్పటి నుంచి ఇద్దరూ రైల్వే మైదానంలో కలిసి ఆడినవాళ్లు. ఇంటర్వ్యూ తర్వాత అతను ఫోన్ చెయ్యలేదు.

"అన్న నా సెయ్యి పట్టుకోకపోతే బెంచీ మీద కూకోబెడతారు, అమ్మమ్మా. అక్కడితో నా ఆట అయిపోయినట్టే," అన్నాడు మనవడు అన్నం కెలుకుతూ.

ఆ ఆదివారం వాళ్ల జట్టుకూ రైల్వే జట్టుకూ ఇక్కడే ప్రాక్టీసు మ్యాచ్. నేను ముందు వరసలో కూర్చున్నాను. మొదటి సగంలో ఆ ఇద్దరి చేతులు కలవలేదు. మధ్యలో ఒక మనిషి దూరేంత సందు. కూతకు వచ్చినవాళ్లు అందులోంచే తప్పించుకుపోయారు. దాదాకు, అంటే అన్నకు, సిగ్గేస్తోందని వెనక ఎవరో బెంగాలీలో అని నవ్వారు. ఆ కార్నరు మీద నాకు ఒళ్లు మండింది. స్కోరుబోర్డు మీద మావాళ్లకు ఒక పాయింటు తక్కువ వేస్తే, లేచి దిద్దించి మళ్లీ కూర్చున్నాను.

విరామంలో నీళ్లకని ఇద్దరూ నా వైపే వచ్చారు. కార్నరును నాలుగు మాటలు అనాలని లేచాను. ఈలోగా అతనే మనవడి మీద విరుచుకుపడ్డాడు.

"ఏట్రా, నాను సెయ్యి సాపితే నువ్వు ఎనక్కి లాక్కుంతన్నావు? గాలిని పట్టుకోవాలేటి నాను?"

మనవడు తలొంచుకున్నాడు. "జనం నవ్వుతన్నారన్నా. నీకు ఇబ్బందని. వదినేటనుకుంటాదో అని."

"ఓడిపోయి రావొద్దన్నాది మీ వదిన. ఏటి మాటాడాలో తెలక ఫోన్ సెయ్యలేదు, అది నా తప్పే. సెయ్యి మాత్రం ఇటియ్యి."

నేను అంతసేపూ కార్నరు మొహమే చూశాను, మనవడి చెయ్యి చూడలేదు. ఇద్దరికీ నీళ్లు అందించి కూర్చున్నాను.

రెండో సగం మొదటి కూతకే ఇద్దరూ మణికట్లు బిగించి పట్టుకున్నారు. వచ్చినవాడు మధ్యలోకి దూకి అక్కడే ఇరుక్కుపోయాడు. మ్యాచ్ రెండు పాయింట్ల తేడాతో ఓడినా, లెఫ్ట్ కవరును మార్చేది లేదని కోచ్ అక్కడే చెప్పాడు.

ఆ ఝపటాపూర్ కుర్రాడికి నేను రుణపడి ఉన్నాను. మనవడి మీద అతను జాలిపడలేదు, ఎప్పటిలాగే తిట్టాడు. ఆ సాయంత్రం ఇద్దరూ మా ఇంట్లోనే తిన్నారు. మొదటి సగంలో పోయిన పాయింట్లు ఎవరివల్ల పోయాయని వాదించుకుంటుంటే, నేను చెరిసగం పంచబోయాను. కార్నరు ఒప్పుకోలేదు, అన్నీ మనవడికే వెయ్యమన్నాడు. న్యాయంగా అవి వాడివే. వేశాను.