ఎర్రది నీళ్ళు తాగిందా?

పొద్దున చాయ్ ఇంకా పొయ్యి మీద ఉండగానే మా అన్న ఫోన్ చేశాడు. మా అన్న ఫోన్ చేస్తే ముందు గొంతు సవరించుకుని, వానల సంగతి ఒకటి చెప్పి, ఆ తర్వాతే విషయానికి వస్తాడు. ఈసారి అవేవీ లేవు. "చెల్లె, ఎర్రది పోయింది" అన్నాడు. ఎర్రది అంటే మా కోరుట్ల పక్క ఇబ్రహీంపట్నం దిక్కు మా అన్న పసుపు చేను దగ్గర ఉండే కుక్క. ముసలిదైందనీ, కళ్ళు సరిగా కనబడడం లేదనీ కొన్నాళ్ళుగా చెబుతూనే ఉన్నాడు. అయినా నేను పొయ్యి ఆర్పేసి కుర్చీలో కూలబడ్డాను. కోరుట్లలో మా పక్కింటావిడ పెరుగు తోడుకోసం వచ్చి నా ముఖం చూసి, "ఎవరక్కా, దగ్గరోళ్ళేనా?" అని అడిగింది. అవునన్నట్టు తలూపాను. నన్ను కరిచిన కుక్క చచ్చిపోతే ఏడుస్తున్నానని ఆమెకు ఏ ముఖం పెట్టుకుని చెప్పను?

నాకు కుక్కలంటే భయం. అలాంటి ఇలాంటి భయం కాదు. గొలుసుతో కట్టేసిన కుక్క ఉన్న ఇంటికి పెళ్ళిపిలుపుకు పోవలసి వస్తే గేటు బయటే నిలబడి, ఆ ఇంటావిడను వీధిలోకి పిలిచి బొట్టు పెట్టి వచ్చినదాన్ని. సిరిసిల్లలో పాఠాలు చెప్పినన్నాళ్ళూ ఎండ లేదు, వాన లేదు, గొడుగు చేతిలో లేకుండా బడికి పోలేదు. మగ్గాల చప్పుడు హోరెత్తే ఆ గల్లీల్లో కుక్కలు అరుగుల కింద ఒళ్ళు మరిచి నిద్రపోయేవి. నా గొడుగును గానీ నన్ను గానీ ఒక్కటి కూడా కన్నెత్తి చూసేది కాదు. పిల్లలు మాత్రం నాకు గొడుగు టీచరని పేరు పెట్టుకున్నారు. పెట్టుకోనీ అనుకున్నాను గానీ గొడుగు వదల్లేదు.

ఆ భయం ఊరికే పుట్టింది కాదు. నా చిన్నప్పుడు మా ఇంట్లో జీతం ఉండే ఒకాయన్ని కుక్క కరిచింది. పిక్క మీద చిన్న గాటు, అంతే. ఏదో ఆకు పసరు పూసుకున్నాడు, ఎడ్లు కట్టుకుని పనికి పోయాడు, అందరం మరిచిపోయాం. కొన్నాళ్ళకు ఒక పొద్దున మా అమ్మ చెంబుతో నీళ్ళిస్తే తాగలేకపోయాడు. దూప అంటూ దాహంతో అల్లాడతాడు, చెంబు దగ్గరికి తెస్తే గొంతు బిగుసుకుపోయి ఒళ్ళంతా వణికిపోతాడు. పెద్దవాళ్ళు ఆయన్ని కొట్టంలో ఉంచి తలుపు వేశారు. నేను తలుపు సందులోంచి చూశాను. ఆయన నన్ను చూసి, "బిడ్డా, జరన్ని నీళ్ళు" అన్నాడు. ఆ మాట అంటుండగానే, నీళ్ళు అన్న మాటకే, ఆయన మెడ నరాలు బిగుసుకున్నాయి. ఆ తర్వాత ఆయన్ని నేను చూడలేదు. ఈ వయసులో కూడా కుక్క ఎదురైతే నాకు దాని పళ్ళు కాదు, ఆ చెంబే గుర్తుకొస్తుంది.

ఇక మా అన్న సంగతి. ఆయనకు భయమన్నది తెలియదు. మా తాత నాటి లైసెన్సు తుపాకి ఒకటి ఆయన దగ్గర ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా దాన్ని తీసుకుపోయి ఠాణాలో అప్పజెప్పాలి. మనకు ఏవో ఒక ఎన్నికలు లేని ఏడాది ఉండదు కాబట్టి, అది మా ఇంట్లోకంటే ఠాణాలోనే ఎక్కువ కాపురం చేస్తుందని మా వదిన నవ్వేది. తుపాకి ఉన్నా లేకున్నా అడవిపందులు ఆగవు గదా. మక్కజొన్న కంకులు పాలు పోసుకునే వేళకు గుంపులుగా వచ్చి, తిన్నదానికంటే ఎక్కువ తొక్కి పోయేవి. అప్పుడు మా అన్న వలల మామను పిలిచేవాడు. ఆయన తాటిచెట్లు ఎక్కే ఇంటివాడు. గీతపని మానేశాక వేటను పట్టుకున్నాడు. మందపాటి తాళ్ళతో సొంతంగా అల్లుకున్న వలలుండేవి, అందుకే మాకందరికీ వలల మామ. పంది పడితే చేను గట్టు మీదనే కోసి పోగులు వేసేవారు. మొదటి పోగు చేను ఆసామిది. పేగులూ తలకాయా అక్కడే పారేసి ఎవరి సంచి వాళ్ళు సర్దుకుని పోయేవారు. ఎప్పటినుంచో అదే పద్ధతి, ఎవరూ దాని గురించి రెండోసారి ఆలోచించలేదు.

ఆ పారేసినవాటికి కుక్కలు మరిగాయి. రోడ్డు పక్క చికెన్ దుకాణాల దగ్గర తిరిగేవి, ఎవరో తెచ్చి వదిలేసినవి, అన్నీ కలిసి గుంపు కట్టాయి. పంది పడిన రోజు పండగే, పడని రోజు వాటి కడుపు ఊరుకుంటుందా? ముందు కోళ్ళు పోయాయి, తర్వాత మేకపిల్ల, ఆ తర్వాత ఒక పొద్దున మా అన్న కొట్టంలో లేగదూడ. ఆ దూడను చూసిన పూట మా అన్న అన్నం ముట్టలేదని వదిన చెప్పింది. ఆ కోపంలోనే వలల మామను పిలిచి మాంసం ముక్కల్లో పురుగుల మందు కలిపి గట్ల మీద పెట్టమన్నాడు. మామ పెట్టాడు. ఈ సంగతి నాకు తెలియదు. నేను సరిగ్గా ఆ రోజే ఏడాదికి సరిపడా పసుపు తెచ్చుకుందామని చేనుకు పోయాను.

పసుపు ఉడికే రోజులవి. డ్రమ్ముల్లోంచి ఆవిరి బుసలు కొడుతూ లేస్తుంది, కల్లమంతా పచ్చి వాసన, కూలీల పాదాలు, చేతులు, ముఖాలు అన్నీ పచ్చగా ఉన్నాయి. నేను చొప్ప కుప్ప పక్కన నీడకు మంచం వేసుకుని కూర్చున్నాను. అది వెనకనుంచి వచ్చింది. మొరగలేదు, గుర్రుమనలేదు. చీర కుచ్చిళ్ళు ఎవరో లాగినట్టయింది, మరుక్షణం పిక్కలో మంట. తిరిగి చూసేసరికి ఒక ఎర్రకుక్క, పళ్ళు బయటపెట్టి నా కళ్ళలోకే చూస్తోంది. నా చెయ్యి అలవాటుగా గొడుగు కోసం వెతికింది. ఏళ్ళకేళ్ళు మోసిన గొడుగు ఆ రోజు కారులో ఉంది.

వదిన పరుగున వచ్చి కల్లంలో ఆరిన పసుపు కొమ్ము దంచి గాటులో అదిమింది. "ఏడు బాయిలు చూపియ్యాలె, బాయిల నీడ చూసుకుంటె విషం దిగుతది" అని నన్ను లేపింది. మా అన్నకు అంత కంగారులోనూ ఒళ్ళు మండింది. "ఏడు బాయిలు యాడున్నయే? అన్ని పూడ్సి బోర్లేస్తిమి గద. బోర్లు చూపిస్తవా?" అన్నాడు. వదిన నిజంగానే ఆలోచించి, "బోర్ల నీడ ఎట్ల కనవడ్తది?" అంది. ఆయన తుపాకి కోసం ఇంట్లోకి రెండడుగులు వేసి, అది ఠాణాలో ఉందని గుర్తొచ్చి వెనక్కి తిరిగాడు. వలల మామ మాత్రం తొణకలేదు. "నువ్వెందుకు పరేషానయితవు పటేలా? మందు పొద్దుగాలనే పెట్టిన. మాపటికల్లా అదే సస్తది" అన్నాడు. ఆ మాట వింటే నాకు కొంచెం ధైర్యం వచ్చింది. అది చస్తే నాకేమీ కాదని ఎందుకో అనిపించింది.

కోరుట్ల దవాఖానలో ఉన్న డాక్టరమ్మ చిన్నపిల్ల, మా అన్న కూతురికంటే చిన్నది. గాటులో పసుపు చూసి ముందు మమ్మల్ని తిట్టింది. నల్లా కింద సబ్బుతో, నాకు కాలు తిమ్మిరెక్కేదాకా కడిగించింది. భుజానికి ఒక సూది, గాటు చుట్టూ సూదులు. ఆ నొప్పికి నేను అన్న చెయ్యి పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చాను. అంతా అయ్యాక ఆమె అడిగింది, "కుక్క ఎక్కడుంది?" మా అన్న ఛాతీ విరుచుకుని, "సాయంత్రం వరకు ఉండది మేడం" అన్నాడు. ఆమె రాసే కలం ఆపింది. "చంపొద్దు. పట్టుకుని విడిగా కట్టేయండి, పది రోజులు చూడండి. ఇంజెక్షన్లు ఒక్కటి కూడా ఆపొద్దు, వాటితోనే మీకు రక్షణ. కానీ పది రోజుల తర్వాత కూడా అది బతికి బాగుంటే దానికి రేబిస్ లేనట్టే. ముందే చచ్చిపోయిందనుకోండి, ఎందుకు చచ్చిందో మీరు ఎలా చెప్తారు?"

మా అన్న ముఖంలో రంగు పోవడం నా జన్మలో ఆ ఒక్కసారే చూశాను. వరండాలోకి పోయి మామకు ఫోన్ చేశాడు. "మామా, మందు ముక్కలన్ని ఏరుకరా. ఒక్కటి మిగలొద్దు." అవతల మామ గొంతు నాకు కూడా వినబడుతోంది. "గదేంది పటేలా, పెట్టుమన్నది నువ్వే గద?" "ఇప్పుడు తియ్యిమంటున్న గద! నా చెల్లె పానం గా కుక్క మీదున్నది" అన్నాడు. అప్పటిదాకా నొప్పి మాత్రమే ఉన్న నాకు ఆ మాటతో నిజమైన భయం మొదలైంది.

మామ, వదిన, కూలీలు గట్లన్నీ వెతికారు. పెట్టినవన్నీ దొరికాయి, ఒక్క ముక్క తప్ప. ఎర్రది కూడా దొరకలేదు. నేను కోరుట్లలో ఇంట్లో పడుకుని గోడవైపు తిరిగి ఉన్నాను. ఆ ముక్క ఎవరి నోట్లో ఉందో అన్న ఆలోచన తప్ప ఇంకొకటి లేదు. తెల్లారాక అన్న ఫోన్. ఈసారి గొంతు సవరించుకోవడం కూడా నాకు భరించరానిదైంది. "కాలువ కాడ ఒక కుక్క సచ్చి పడున్నది చెల్లె" అన్నాడు. నేను మంచం మీదినుంచి లేచి నిలబడ్డాను. "నల్లది" అన్నాడు తర్వాత. నేను దేవుడికి దండం పెట్టుకున్నాను. కాసేపటికి గానీ నాకు తట్టలేదు, పాపం ఆ నల్లది ఎవరినీ కరవలేదని.

ఎర్రదాన్ని పట్టించినవి దాని పిల్లలే. చొప్ప కుప్ప లోపలినుంచి కుయ్యికుయ్యిమని సన్నని చప్పుడు వినబడితే మామ చెవి ఆనించి చూశాడట. కళ్ళు తెరవని కూనలు. నేను మంచం వేసుకున్నది వాటికి జానెడు దూరంలో. కుప్ప చుట్టూ పందుల వల కట్టి, తల్లి పాలివ్వడానికి వచ్చినప్పుడు మెల్లగా బిగించారు. "పందికి పన్నిన వల కుక్కకు పన్నుడు గిదే మొదటిసారి బిడ్డా" అని మామ ఫోన్లో సిగ్గుపడ్డాడు. దూడ పోయిన కొట్టంలోనే దాన్ని కట్టేసి కూనలను పక్కన వేశారు. ఊళ్ళోవాళ్ళు కర్రలు పట్టుకుని వచ్చారు. పటేలు చెల్లెను కరిచిన కుక్క అని వాళ్ళ కోపం. మా అన్న కొట్టం ముందు మంచం వేసుకుని, దూడను తిన్న కుక్కకు కర్ర పట్టుకుని కాపలా కాశాడు. దాని గిన్నెలోకి పొడుగాటి గొట్టంతో దూరంనుంచి పాలు పోసేవాడు. ఊరు ఊరంతా నవ్వింది. ఆయన పట్టించుకోలేదు.

నాకు ప్రతి పొద్దునా రెండు పరీక్షలుండేవి. ఒకటి, ఫోన్. "అన్నా, అది ఎట్లున్నది?" "తిన్నది." రెండోది, గ్లాసుడు నీళ్ళు. గ్లాసు పట్టుకుని దాన్నే చూస్తూ కూర్చునేదాన్ని. నా గొంతు బిగుస్తుందేమోనని ఒక్క గుక్క, ఆగి ఇంకో గుక్క. మా ఆయన అవతలి గదిలోంచి, ఆ గ్లాసు శబ్దం కోసమే చెవులొగ్గి ఉండేవాడని తర్వాత తెలిసింది.

ఆ పది రోజుల్లో సగం గడిచాక ఒక పొద్దున అన్న "తిన్నది" అనలేదు. "పాలు తాగింది గని నీళ్ళు ముడుతలేదు" అన్నాడు. నిన్నటినుంచీ ముట్టలేదట. నాకు చెప్పాలా వద్దా అని నిన్నంతా దాచాడట. గిన్నె దగ్గర పెడితే ముక్కు తిప్పుకుని వెనక్కి జరుగుతోందట. నేను ఫోన్ కింద పెట్టేశాను. కొట్టం తలుపు సందు, చెంబు, బిగిసిన మెడ నరాలు. నా చేతిలో గ్లాసు ఉంది, తాగలేకపోయాను. అది జబ్బో భయమో నాకే తెలియలేదు. పెట్టెలోంచి మంచి చీరలు తీసి కోడలికి ఏది, వదినకు ఏది అని విడిగా పెట్టడం కూడా మొదలుపెట్టాను.

మధ్యాహ్నం వదిన ఫోన్ చేసింది. నవ్వుతోందో ఏడుస్తోందో అర్థం కాలేదు. "ఓ చెల్లె, నీళ్ళు తాగింది! గట గట తాగింది!" అంది. పాలకు సత్తు గిన్నె పెట్టారు గానీ, నీళ్ళకని మా అన్న పురుగుల మందు డబ్బా ఒకటి సగానికి కోసి పెట్టాడట. చేన్ల దగ్గర అందరికీ అవే తొట్లు, అవే చెంబులు. ఎంత కడిగినా వాసన పోతుందా? దాని ముక్కు ఆ నీళ్ళను ఒప్పుకోలేదు. వదిన ఊరికే, మూకుడులాంటి మట్టి కంచుడు ఖాళీగా ఉందని అందులో పోసి చూసింది, అంతే. ఆ ఫోన్ చెవి దగ్గర పెట్టుకునే నేను గ్లాసు ఎత్తి మొత్తం తాగేశాను. అంత తియ్యటి నీళ్ళు మళ్ళీ ఎప్పుడూ తాగలేదు.

పది రోజులూ గడిచాయి. ఆ తర్వాత నా సూదులూ పూర్తయ్యాయి. ఎర్రదాని మెడ తాడు విప్పితే అది ఎక్కడికీ పోలేదు. మా అన్న పశువుల డాక్టర్ను పిలిపించి దానికీ, గుంపులో దొరికినవాటికీ సూదులు వేయించాడు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లూ చేయించాడు. పంది పడితే మిగిలినదంతా గుంత తీసి పూడ్చితేనే చేనులో అడుగు పెట్టాలని మామకు షరతు పెట్టాడు. మామ మొదట గొణిగాడు, తర్వాత పక్క ఊళ్ళ వేటగాళ్ళకు అదే షరతు తనదన్నట్టు చెప్పుకున్నాడు. చుట్టుపక్కల ఆసాములు ఎవరైనా కుక్కలకు విషం పెడదామంటే మా అన్న ఒకటే అనేవాడు, "పెట్టేముందు మీ చెల్లె యాడున్నదో చూసుకోండ్రి."

నాకు కుక్కల భయం పోలేదు. చేనుకు పోయినా ఎర్రదానికి దూరంగానే, గొడుగు పట్టుకునే నిలబడేదాన్ని. అదీ నాకు దూరంగానే ఉండేది. కానీ ఫోన్ మోగితే, ఇన్నేళ్ళలో ఏనాడూ నా మొదటి మాట మారలేదు. "ఎర్రది నీళ్ళు తాగిందా?" మా అన్న నిష్ఠూరమాడేవాడు, "నేను తాగిన్నో లేదో అడుగవా?" అని. ఈ పొద్దున కూడా, అది పోయిందని ఆయన చెప్పాక కూడా, నా నోటినుంచి అదే మాట వచ్చింది. "తాగింది చెల్లె. మట్టి కంచుట్లనే, పండుకునే ముందుగాల" అన్నాడు.

పక్కింటావిడ వెళ్ళిపోయాక నీళ్ళు ముంచుకుని కూర్చున్నాను. పది రోజులు బతికితే చాలని నేను మొక్కుకున్న ప్రాణం నాతో పాటు ముసలిదై, నాకంటే ముందు పోయింది. రేపు పొద్దున కూడా అన్న ఫోన్ చేస్తాడు, నేను ఇంకా బతికే ఉన్నానని రూఢి చేసుకోవడానికి ఇక ఎవరి సంగతి అడగాలో మాత్రం నాకు తెలియదు.