బావ ఒళ్ళో ఉప్పు మూటలు

మా బావ ఎల్రాయ్ బ్రెకె ఈ లోకంలో చేసిన చివరి పని, నార్బెర్ట్ ఇనప సామాన్ల దుకాణంలో, అమ్మకానికి పెట్టిన చెట్టు మంచె మీద రెండు గంటల ఇరవై నిమిషాలు కూర్చోవడం. సెప్టెంబరు ఆఖరి గురువారం అది. నెత్తిన నారింజరంగు టోపీ, ఒంటికి భద్రత పట్టీ, ఒళ్ళో నలభై పౌన్ల ఉప్పు మూటలు రెండు. మధ్యలో అక్క కట్టిచ్చిన సాసేజ్ రొట్టె తిన్నాడు, ఫ్లాస్కులో కాఫీ తాగాడు. దిగేటప్పుడు నార్బెర్ట్‌తో, "వీపు ఒప్పుకుంది. మోకాళ్ళు ఇంకా ఏమీ చెప్పలేదు. రేపొస్తా," అన్నాడు.

మర్నాడు రాలేదు. తెల్లవారేసరికి నిద్రలోనే వెళ్ళిపోయాడు. డెబ్భై నాలుగేళ్ళు. "ఆ పరుపొక్కటే ఆయన పరీక్ష పెట్టకుండా కొన్నది. అదే ఆయనకి సరిగ్గా కుదిరింది," అంటుంది మా అక్క మార్లిస్.

బావకి ఉన్నది ఒక్కటే పిచ్చి, మంచె ఎంచుకోవడం. మంచె ఎక్కి వేటాడటం కాదు. ఎంచుకోవడం మాత్రమే.

మా ఉత్తర విస్కాన్సిన్‌లో నవంబరులో జింకల వేట మొదలైతే తొమ్మిది రోజులపాటు ఊరు ఊరంతా చెట్ల మీదే ఉంటుంది. పదిహేనడుగుల నిచ్చెన, దాని కొసన ఒక కుర్చీ, కాళ్ళు ఆనించుకోవడానికి చిన్న పలక. మొత్తం కలిపి మాను చుట్టూ పట్టీలతో బిగిస్తే మంచె. మామూలు మనిషి దుకాణానికి వెళ్ళి, కుర్చీని ఒకసారి ఊపి చూసి, బండిలో వేసుకుని వచ్చేస్తాడు. పది నిమిషాల పని. బావకి అది పదకొండు నెలల పని. జనవరిలో మొదలుపెడితే వేట ముందు రోజుకి తెమిలేది.

"నన్ను రెండు డాన్సుల్లో తేల్చేశాడు మహానుభావుడు. ఆ తుక్కు కుర్చీ దగ్గరికొచ్చేసరికి ఎక్కడ లేని వివేకం పుట్టుకొస్తుంది," అనేది అక్క.

"నువ్వు నేలమీద ఉన్నావు మార్లిస్. నిన్నెంచుకోవడంలో పొరపాటు జరిగినా పడేది ఒక అడుగే," అనేవాడు బావ.

నార్బెర్ట్ తన దుకాణం నడిమధ్య స్తంభానికి సగం నిచ్చెన బిగించి, దానిమీద ఆ ఏడు వచ్చిన మంచె కట్టి ఉంచేవాడు. నిజానికి అది బావ కోసమే. బావ పట్టీ తొడుక్కుని ఎక్కేవాడు. దుకాణంలో ఆరడుగుల ఎత్తుకి కూడా పట్టీ తొడుక్కునేవాడు. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ నిచ్చెనని అంటిపెట్టుకుని ఉండగా మిగిలిన ఒక్క చెయ్యే కదలాలి. అది ఆయన వేదం. పైకెక్కి కూర్చున్నాక చేతులు చాపేవాడు. అప్పుడు నార్బెర్ట్ గొణుక్కుంటూ ఉప్పు మూటలు అందించేవాడు. ఇళ్ళలో నీళ్ళని మెత్తబరిచే యంత్రంలో పోసే ఉప్పు అది.

"ఈ ఉప్పెందుకయ్యా ఎల్రాయ్?"

"బరువు చూసుకోవాలి కదా. చలికోటు, బూట్లు, తుపాకీ, మార్లిస్ కట్టే తిండి..."

"నీ కోటు ఎనభై పౌన్లుంటుందా?"

"మంచి కోటు."

"చీటీ చూడు, మూడొందల పౌన్లు మోస్తుందని రాసే ఉంది."

"ఆ చీటీ ఎప్పుడైనా ఎక్కి కూర్చుందా?"

ఒకసారి లూథరన్ చర్చిలో ఆర్గన్ వాయించే పెద్దావిడ ఉప్పు కోసం వచ్చింది. దుకాణంలో మిగిలినవి బావ ఒళ్ళో ఉన్న రెండే. ఆవిడ కిందినుంచి చెయ్యి చాపింది. బావ మూటల్ని పసిబిడ్డల్లా దగ్గరికి లాక్కుని, "అమ్మా, ఇవి పనిలో ఉన్నాయి. మూడింటికి రండి," అన్నాడు. ఆవిడ నిజంగానే మూడింటికి వచ్చింది. మూటలు ఇంకా పనిలోనే ఉన్నాయి.

చూసేవాళ్ళకి నవ్వొచ్చే విషయం ఇంకొకటి ఉంది. బావ పొట్టివాడు. నూట యాభై పౌన్లకి మించి ఎప్పుడూ తూగలేదు. ఆయనకి నచ్చిన ప్రతి మంచె మీదా ఆయన కాళ్ళు పలకకి అందేవి కావు. జాతరలో రంకులరాట్నం ఎక్కిన పిల్లాడిలా వేలాడేవి.

"బావా, కాళ్ళు అందట్లేదు."

"వేలాడితే రక్తం బాగా పారుతుంది. నీకు తెలీదులే, నువ్వు బళ్ళో పద్యాలు చెప్పుకునేవాడివి."

దుకాణంలో నెగ్గిన మంచెకి ఇంటి దగ్గర రెండో పరీక్ష ఉండేది. దాన్ని పెరట్లోని మేపుల్ చెట్టుకి బిగించి, దానిమీద పట్టీ కట్టుకుని కునుకు తీయాలి. "అసౌకర్యంగా ఉన్నవాడు కదుల్తాడు. కదిలినవాడికి నిద్ర తప్పుతుంది, పట్టు తప్పుతుంది, చివరికి చెట్టే తప్పుతుంది. సుఖమే భద్రత బామ్మర్దీ." ఈ సూత్రం నిరూపించడానికి ఆయన ఆగస్టు మధ్యాహ్నాలన్నీ చెట్టుమీద గురక పెట్టేవాడు. కొత్తగా వచ్చిన పోస్టుమ్యానమ్మ ఒకావిడ తల వాల్చి వేలాడుతున్న మనిషిని చూసి ఉత్తరాలు గడ్డిలో పడేసి పోలీసులకి ఫోన్ చేసింది. పోలీసు వచ్చాడు, పైకి చూశాడు. "ఇక్కడ నేరమేం జరగలేదమ్మా, ఆయన ఎల్రాయ్, అంతే," అని ఆవిడకి చెప్పి, మంచె ఏ రకమో అడిగి రాసుకుని వెళ్ళాడు.

భోజనం వేళకి అక్క గిన్నె పట్టుకుని చెట్టుకింద నిలబడేది. తుపాకీని ఎప్పుడూ చేత్తో పట్టుకుని ఎక్కకూడదు, తూటాలు తీసేసి తాడుతో పైకి లాగాలన్నది బావ పెట్టిన ఇంకో నియమం. అదే తాడుకి అక్క బఠాణీ సూపు గిన్నె కట్టేది.

"తూటాలు తీసేశావా?" అని అడిగేవాడు పైనుంచి.

"మిరియాలు ఉంచాను. జాగ్రత్తగా లాక్కో."

ఇంతా చేసి, అసలు వేట రోజు వచ్చేసరికి బావ ఆ మంచె ఎక్కేవాడు కాదు. ఇక్కడ నా గొడవ కూడా చెప్పాలి.

మా నాన్న చనిపోయేముందు వేటాడిన మంచె ఒకటి ఉత్తరపు గట్టు మీద ఉండేది. రెండు మేపుల్ చెట్ల మధ్య పలకలు పరిచి, మానుకి అడ్డకర్రలు మేకులతో కొట్టి ఆయన చేత్తో కట్టుకున్నది. ఆయన తర్వాత నేనే ఎక్కేవాణ్ణి. ఒక ఏడు బావ దాన్ని చూసొచ్చి, భోజనాల దగ్గర, "గోర్డీ, ఆ పలకలు పుచ్చిపోయాయిరా. నీ ఒళ్ళు చూస్తే ఏనుగు, ఆ మేకులు చూస్తే తుప్పు," అన్నాడు.

ఆరడుగుల మూడంగుళాల మనిషిని. ఏనుగు అన్నందుకు బాధపడలేదు.

"అవి మా నాన్న కొట్టిన మేకులు. అవి ఊడిన రోజు నేనూ పడతాను. నీకెందుకు?" అని కంచం వదిలి లేచిపోయాను. చెరువుల మీద మంచు గట్టిపడి చేపలు పట్టేవరకూ ఆయనతో మాట్లాడలేదు. ఎవరు చెప్పినా ఆ మంచె దిగనని ఊరంతా వినేలా చెప్పుకు తిరిగాను. బావ ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. ఒక్కసారి కూడా.

తర్వాతి ఏడు వేట మొదలయ్యే శనివారం పొద్దున్నే, అడవిలోని మా వేట ఇంట్లో, బావ బూట్లు వేసుకుంటూ దిగులుగా ముఖం పెట్టాడు.

"ఈ ఏడు కొన్న మంచె నాకు పడలేదు గోర్డీ."

"ఏడాదంతా కూర్చున్నావు కదా బావా."

"అదే మరి. మోకాళ్ళు నిన్ననే చెప్పాయి. ఒక పని చెయ్. నువ్వు దాంట్లో కూర్చో. నేను మీ నాన్న మంచె ఎలా ఉంటుందో చూస్తా. కూర్చుని చూడకుండా ఏం చెప్పగలం?"

పెద్దవాడు, పైగా అక్క మొగుడు. సరే అన్నాను. మర్నాడు అడిగితే, "ఇంకా తేలలేదు," అన్నాడు. మరుసటి ఏడు కొత్త మంచె, అదే దిగులు ముఖం. "ఇదీ పడలేదు గోర్డీ." అలా పద్ధెనిమిది ఏళ్ళు. ప్రతి నవంబరులో ఆయనకి పడని మంచె నాకు వచ్చేది. ప్రతి నవంబరులో మా నాన్న మంచె ఆయనకి పోయేది. ఆగస్టులో నేను గట్టు మీదికి వెళ్ళి దాన్ని బాగుచేస్తానంటే, "ఆ బురదలో నీ తుంటినొప్పితో ఎందుకు? నేను చూసొస్తాలే," అనేవాడు. మంచెల దొంగ అని పేరు పెట్టాను. నార్బెర్ట్ అయితే, ఏడాదంతా ఎంచి కొన్న మంచెని వేట రోజు ఇంకొకడికిచ్చేసే ఏకైక వేటగాడు బావేనని అనేవాడు.

ఆ పద్ధెనిమిదేళ్ళలో బావ ఒక్క తూటా పేల్చలేదు. మా వేట ఇంట్లో ఒక ఆచారం ఉంది. గురి తప్పినవాడి చొక్కా వెనకంచు కత్తిరించి, పేరు రాసి గోడకి కొడతాం. నావి తొమ్మిది ముక్కలున్నాయి, నార్బెర్ట్‌వి పదకొండు. బావది ఒక్కటీ లేదు. పేల్చనివాడికి గురి ఎలా తప్పుతుంది? గట్టు వైపు నుంచి గురక మాత్రం వినిపించేది. ఆ గురకకి జింకలు జోలపాటలా అలవాటుపడి ఉంటాయని మేం ఎగతాళి చేసేవాళ్ళం.

సాయంత్రం రొట్టె, జింకమాంసం కూరా తింటుంటే బావ నన్ను ప్రశ్నలతో చంపేవాడు.

"వీపెలా ఉంది? కుర్చీ అంచు తొడకి కోసుకోలేదు కదా? లేచినప్పుడు కిర్రుమందా? పట్టీ విప్పకుండానే అటూ ఇటూ తిరగగలిగావా?"

"బావా, నేను జింకని కొట్టాను. ఎనిమిది కొమ్మల జింక. దాని సంగతి అడుగు."

"దాని మోకాళ్ళతో నాకేం పని? నీ మోకాళ్ళ సంగతి చెప్పు."

మంచెని వెనక్కిచ్చి ఇంకోటి తెచ్చుకోవడానికి నార్బెర్ట్‌తో వాదించేందుకు ఇవన్నీ అడుగుతున్నాడనుకునేవాణ్ణి.

ఈ నవంబరులో, వేటకి ముందు శుక్రవారం మధ్యాహ్నం, ఇక అడ్డు చెప్పేవాడు లేడు కాబట్టి, తుంటినొప్పిని తిట్టుకుంటూ గట్టు ఎక్కాను. మా నాన్న మంచె మీద నేను కూర్చుంటే బావ పైనుంచి చూసి ఏడవాలని కూడా అనుకున్నాను. అంత చిన్నపిల్లాడి మనసు ఈ వయసులో ఎలా వచ్చిందో మరి.

మొదటి అడ్డకర్ర పట్టుకున్నాను. తడిసిన రొట్టెలా చేతిలోకి వచ్చేసింది. రెండోదాని చోట మేకు మాత్రమే ఉంది. ఆపైన పన్నెండడుగుల వరకూ ఏమీ లేదు. పైన ఉండాల్సిన పలకలు కిందే, నాచు పట్టి, ఆకుల్లో పాతుకుపోయి ఉన్నాయి. అవి పడి ఒకటి రెండేళ్ళు కాదు, పదేళ్ళయినా అయివుంటుంది.

చెట్టు మొదట్లో, రెండు వేళ్ళ మధ్య, పడవలో వేసుకునే పాత దిండు ఒకటి కనిపించింది. దాని వెనక మాను బెరడు మనిషి వీపంత మేర నున్నగా అరిగిపోయింది. పక్కన కాఫీ డబ్బాలో పిప్పరమెంట్లు ఉన్నాయి. లోకంలోని మంచెలన్నీ ఎక్కి చూసిన మనిషి, పద్ధెనిమిది నవంబర్లు నేలమీద కూర్చున్నాడు, నేను అటు రాకుండా.

అదే దిండు మీద కాసేపు కూర్చున్నాను. పిప్పరమెంటు ఒకటి నోట్లో వేసుకున్నాను. రాయిలా ఉంది, అయినా తియ్యగానే ఉంది. కూర్చుని చూడకుండా ఏం చెప్పగలం కాబట్టి చెప్తున్నాను, ఆ చోటు చాలా సుఖంగా ఉంది.

మర్నాటికి మంచె కావాలి. తిన్నగా నార్బెర్ట్ దుకాణానికి వెళ్ళాను. స్తంభానికి ఆ గురువారపు మంచె అలాగే ఉంది. నార్బెర్ట్‌కి దాన్ని విప్పడానికి చేతులు రాలేదట.

"ఎక్కి చూస్తావా?" అన్నాడు.

ఎక్కాను. రెండు కాళ్ళూ ఒక చెయ్యీ అంటిపెట్టుకునే ఎక్కాను. కూర్చుంటే నా పాదాలు పలక మీద బల్లపరుపుగా ఆనాయి. మోకాళ్ళు ఎంత వంగాలో అంతే వంగాయి. తుంటి ఒక్క మాట కూడా అనలేదు. నార్బెర్ట్ అలవాటు కొద్దీ ఉప్పు మూట ఎత్తి నాకు అందించబోయాడు.

"నాకెందుకది? నేనే రెండొందల ముప్పై ఉన్నాను," అన్నాను.

మూట పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. పెదవులు కదిలాయి. పాతికేళ్ళు మేకులు తూచి అమ్మినవాడు, అతనికి కూడిక నోటికొచ్చు.

"ఎల్రాయ్ నూట యాభై," అన్నాడు నెమ్మదిగా. "ఇవి నలభై, నలభై."

ఇద్దరం మూట వైపు చూశాం.

"అయితే గోర్డీ, ఇన్నేళ్ళూ నా దుకాణంలో ఆయన ఒళ్ళో కూర్చుంది నువ్వన్నమాట."

నవ్వు వచ్చింది. నార్బెర్ట్‌కీ వచ్చింది. ఇద్దరం స్తంభం కదిలేలా నవ్వాం. కళ్ళు తుడుచుకుని, చొక్కా వెనకంచు లాగి, కిందికి వంగి అతనికి చూపించాను.

"కత్తెర తీసుకురా. కత్తిరించి గోడకి కొట్టు."

"నువ్వింకా తూటాయే పేల్చలేదుగా?"

"పద్ధెనిమిదేళ్ళు గురి తప్పాను. కత్తిరించు."

నార్బెర్ట్ కత్తెర తెచ్చాడు. బట్ట తెగుతుండగా ఏదో గుర్తొచ్చినట్టు ఆగాడు.

"మొదట్లో ఒక్క మూటే అడిగేవాడు," అన్నాడు. "రెండోది ఏడేళ్ళ కిందట మొదలైంది. అప్పుడేమైందో మరి."

ఏడేళ్ళ కిందట నేను బడి ఉద్యోగం మానేసి, రోజూ మా అక్క ఇంట్లో భోజనానికి దిగాను.