లంగరు లాగిన చేతులు

మా మావయ్య పోయాడన్న కబురు వచ్చేసరికి నేను సైబర్‌జయలో ఆఫీసు మీటింగులో ఉన్నాను. అత్త ఫోన్ చేస్తే కట్ చేశాను. మళ్లీ మోగింది. బయటికొచ్చి ఎత్తాను.

"మీ మావ లెగట్నేదే," అంది అత్త. "అన్నం తిని కుర్సీలో కూకున్నాడు. టీ ఇద్దారని లేపితే లెగట్నేదు."

డాక్టరు వచ్చి చూసి వెళ్లిపోయాడని, అసలు మాట అత్త నోటికి రావడం లేదని నాకు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. కువాలా సెలంగోర్‌లో వాళ్ల ఇంటికి చేరేసరికి వరండాలో పడవ బ్యాటరీ ఇంకా చార్జింగులోనే ఉంది. ఆ పొద్దున్న ఆయనే పెట్టాడట. చార్జరు మీద పచ్చ దీపం వెలుగుతోంది. ఇంటినిండా జనం ఉన్నా దాన్ని ఆపడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నాకూ రాలేదు. ఆ బ్యాటరీ దేనికో నాకు బాగా తెలుసు.

మా అమ్మ తమ్ముడు మావయ్య. ఇక్కడికి కూలీలుగా వచ్చిన తెలుగువాళ్ల ఎస్టేటు లైను ఇళ్లలో పుట్టి, పామాయిల్ మిల్లులో ఫిట్టరుగా పనిచేసి రిటైరయ్యాడు. పిల్లల్లేరు. మిల్లు వదిలాక ఒక చిన్న ఫైబర్ పడవ కొనుక్కుని నది సముద్రంలో కలిసే చోట చేపలు పట్టేవాడు. తినేవి ఇంటికి, మిగిలినవి ఇరుగుపొరుగుకి. పని అయ్యాక పానాలన్నీ గుడ్డతో తుడిచి, ఆఖరిది ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసేవాడు. ఉప్పు వాసన వస్తే మళ్లీ తుడిచేవాడు. "తుప్పుకి సెలవు నేదే గుంటా" అనేవాడు. ఇంజను మొరాయిస్తే ముందు దాన్ని పలకరించేవాడు. "ఏటే నీ బాద? సెప్పు, ఇంటాను."

పడవలో ఆయన ఒక్కడే వెళ్లేవాడు కాదు. వెనక వీధిలో ఉండే మలయ్ పెద్దాయన తోడు వెళ్లేవారు. మేమంతా ఆయన్ని పాక్‌చిక్ అనే పిలుస్తాం, మనం బాబాయి అన్నట్టు. మావయ్య వెనక ఇంజను దగ్గర, పాక్‌చిక్ ముందు తాడు దగ్గర. ఎవరి చోటు వాళ్లది. అక్కడి అడుగంతా జిగట బురద. లంగరు అందులో కూరుకుపోతే పాక్‌చిక్ మోకాళ్ల మీద కూర్చుని, తాడు చేతులకి చుట్టుకుంటూ లాగేవారు. పైకొచ్చేసరికి ఆయన చేతులు మోచేతుల దాకా నల్లటి బురద. అప్పుడు మావయ్య సీటు కింద నుంచి మంచినీళ్ల సీసా తీసి, ఆ చేతుల మీద సన్నగా పోసేవాడు. పాక్‌చిక్ తొందరపడకుండా కడుక్కునేవారు. ఆ తర్వాతే టీ ఫ్లాస్కు మూత తియ్యడం. ఒకసారి వాళ్లతో వెళ్లి, ముందే తాగుదామని నేను ఫ్లాస్కు అందుకోబోతే మావయ్య చేతి మీద ఒక్కటిచ్చాడు.

"లంగరు పైకి రాకుండా టీ తాగితే సేపలు నవ్వుతాయే."

ఆ రోజే పాక్‌చిక్ అరచెయ్యి తాడుకి ఒరుసుకుని తోలు లేచిపోయింది. ఆయన చొక్కాకి తుడుచుకుని ఊరుకున్నారు. చూసి ఉండలేకపోయింది నేనే. తిరిగొస్తూ అన్నాను, ఈ వయసులో చేత్తో లాగడమేంటి మావయ్యా, ఒక మోటారు పెడదాం అని. కొత్తది కొనిపెడతానంటే ఆయనకి నచ్చలేదు. తయారు చేద్దామంటే కళ్లు మెరిశాయి.

అప్పటి నుంచి వారం వారం ఫోన్లు. నేను చదివింది ఎలక్ట్రికల్ ఇంజినీరింగే అయినా చేసే ఉద్యోగం కంప్యూటర్ ముందు. పాత పుస్తకాలు దులిపాను. మావయ్య పాత సామాన్ల యార్డులో వెతికి ఒక లారీ వైపర్ మోటారు తెచ్చాడు. బరువు వేలాడుతున్నా అది వెనక్కి తిరగదు, కాబట్టి కరెంటు ఆపినా లంగరు జారిపోదు. తాడు చుట్టుకునే చక్రానికి రెండు పక్కలా బిళ్లలు కావాలి. అత్త కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలక మాయమై బిళ్లలైంది. ఉప్పునీళ్లు పడకుండా మోటారు మీద ఐస్‌క్రీమ్ డబ్బా బోర్లించి చుట్టూ గ్రీజు పూశాడు. వైరింగు నాది, ఆదివారాలు వెళ్లి చేసేదాన్ని. పైకి, కిందికి ఒకే స్విచ్చి. తొలిసారి వైర్లు అటూ ఇటూ అయి, పైకి నొక్కితే తాడు కిందికి పోయింది.

"ఒలే గుంటా, యూనివర్సిటీలో నీకు తలకిందులుగా నేర్పినారా ఏటి లా?" మాట చివర "లా" తగిలించడం ఇక్కడ అందరికీ అలవాటు.

సరిచేసి, తాడు కొసని వాకిట్లో మల్లె కుండీకి కట్టి నొక్కాం. మోటారు మూలిగింది. కుండీ సిమెంటు మీద గీసుకుంటూ మా వైపు బయల్దేరింది. "ఓలమ్మో, నా మల్లి సెట్టుకి కాల్లొచ్చినాయి!" అని అత్త గరిటెతో పరిగెత్తుకొచ్చింది. మావయ్య అంతలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. ఆ కొన్ని నెలలూ నా జీవితంలో నేను తెలుగు ఎక్కువగా మాట్లాడిన రోజులు. నాకు ఆ ఫోన్లు ఇష్టం. ఆ ఇష్టం వల్లే ఒక చిన్న సంగతి నాకు తట్టలేదేమోనని ఇప్పుడనిపిస్తోంది. పాక్‌చిక్ కోసం చేస్తున్నామనుకున్నాం. పాక్‌చిక్‌ని మాత్రం అడగలేదు.

మోటారు బిగించిన తొలిరోజు ముగ్గురం వెళ్లాం. తిరుగు ప్రయాణానికి మావయ్య స్విచ్చి నొక్కాడు. తాడు బిగిసింది, ఆగింది, తర్వాత బురదలోంచి లంగరు ఊడి బుడబుడమంటూ పైకొచ్చింది. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడే పాక్‌చిక్ చేతులు అలవాటుగా తాడు మీదికి వెళ్లడం, గాల్లో ఆగడం, మళ్లీ ఒళ్లోకి వచ్చేయడం చూశాను. ఆయన నవ్వుతూ మలయ్‌లో అన్నారు, "ఇక నేను పాసింజర్ని లా. టికెట్ ఎంత?" మావయ్య కూడా నవ్వాడు. మోటారుకున్న బురద కడగడానికి సీసా తీసి, నీళ్లు దాని మీదే పోశాడు.

ఆ తర్వాత కొన్నాళ్లకి ఫోనులో అడిగాను, పాక్‌చిక్ ఎలా ఉన్నారని.

"ఏటో పనున్నాదంట. రానేదు. పర్లేదు, ఇప్పుడు నానొక్కడినే ఎల్లగలను గదా."

ఆ మాటలో గర్వమే విన్నాను. ఇదే మావయ్య ఇంతకుముందు అనేవాడు, ఒక్కడే సముద్రం మీదికి ఎల్లినోడు సేపల కోసం ఎల్లినట్టు కాదు, దాక్కోడానికి ఎల్లినట్టు అని. నాకప్పుడది గుర్తు రాలేదు. అత్త ఒకసారి చెప్పింది, "ఫ్లాస్కు ఎలగిచ్చినానో అలగే ఇంటికి తెస్తన్నాడే" అని. చక్కెర తగ్గించమని నేనే చెప్పి ఉన్నాను కాబట్టి, టీ రుచించక తాగడం లేదనుకున్నాను. ఆయనకి తోడు లేదని గమనించక, ఆయనకి సాయం అక్కర్లేదని సంతోషించాను. వెళ్లి చూడడం కూడా తగ్గించాను. ఒక మోటారు ఉంది కదా.

పోవడానికి కొద్ది రోజుల ముందు, ఆయన ఫోన్ చేసి ఉన్నట్టుండి అడిగాడు.

"ఆ మోటారు తీసేద్దారేటే?"

"ఎందుకు మావయ్యా? ఫ్యూజు పోతోందా? స్విచ్చిలో తేమ చేరిందేమో, ఒక ఫోటో తీసి పంపు," అన్నాను.

"ఏటీ నేదులే. బాగానే పన్చేస్తన్నాది," అని పెట్టేశాడు.

ఆయన అడిగింది మోటారు గురించి కాదని ఇప్పుడనుకుంటున్నాను. లేక మోటారు గురించేనా? పోయినవాళ్ల మాటల్ని మనకి కావలసినట్టు వినడం సులువు. ఏది నిజమో చెప్పే మనిషి లేడు. రాత్రికి ఒకలా, తెల్లారితే ఇంకోలా అనిపిస్తోంది.

దహనమైన మర్నాడు అస్థికలు సముద్రంలో కలపాలి. అందరూ అద్దె పడవ మాట్లాడుతుంటే అత్త ఒప్పుకోలేదు. "ఆయన పడవలోనే ఎల్లాల." నడిపేదెవరు అని ఎవరో అడిగారు. అప్పటికే పాక్‌చిక్ గేటు బయట చెప్పులు విడిచి నిలబడి ఉన్నారు. "నేను తీసుకెళ్తాను," అన్నారు.

జెట్టీ దగ్గర, తలకొరివి పెట్టిన మా తమ్ముడు అస్థికల కుండ పట్టుకుని పడవెక్కుతుండగా, నేను పాక్‌చిక్‌ని అడిగేశాను. మోటారు పెట్టినందుకేనా మీరు రావడం మానేశారు అని.

ఆయన పాంటు మీదుగా మోకాలు తట్టుకున్నారు. "ఇది లా. నొప్పి. వంగలేను."

నాకు గుండె తేలికైంది. అంత త్వరగా తేలికైనందుకు సిగ్గేసింది.

నది నోటి దగ్గర ఇంజను ఆపి లంగరు వేశాం. తమ్ముడు పూజారి చెప్పిన మాటలు పలుకుతూ, వంగి, కుండని నీళ్లలోకి వదిలాడు. బంతిపూలు కాసేపు పడవ పక్కనే తిరిగి, ప్రవాహంతో వెళ్లిపోయాయి. పాక్‌చిక్ టోపీ ఒళ్లో పెట్టుకుని అటు తిరిగి కూర్చున్నారు. అంతా అయ్యాక నేను స్విచ్చి మీద చెయ్యి వేశాను. మావయ్య చార్జింగు పెట్టిన బ్యాటరీయే అది. నిండుగా ఉంది.

"బియార్," అన్నారు పాక్‌చిక్. ఉండనీ అని.

ఆయన లేచి ముందుకెళ్లి, మోకాళ్ల మీద కూర్చున్నారు. ఏ మోకాలు నొప్పి అని చెప్పారో ఆ మోకాలి మీదే. నీళ్లలోంచి తాడు అందుకుని లాగడం మొదలుపెట్టారు. ఊపిరి బరువుగా వస్తోంది. నేను సాయం వెళ్లబోతే తల అడ్డంగా ఊపారు. లంగరు ఊడి వచ్చినప్పుడు పడవ ఒకసారి ఒరిగి, నిలబడింది. తడి తాడు ఆయన చుట్టూ కుప్పగా పడి ఉంది. మోచేతుల దాకా బురద.

సీటు కింద చెయ్యి పెట్టాను. మావయ్య సీసా అక్కడే ఉంది. ఒక్కడే వెళ్తున్నా నింపుకుని వెళ్లేవాడన్నమాట. నిండా ఉంది.

మూత తీశాను. పాక్‌చిక్ నా వైపు చూడకుండానే రెండు చేతులూ పడవ అంచు అవతలికి చాచారు. నేను పోశాను, మావయ్య పోసినట్టే, సన్నగా. బురద నల్లగా కారి సముద్రంలో కలిసింది. అరచేతుల్లో తాడు ఒరుసుకున్న ఎర్రటి గీతలు కనిపించాయి. సీసా ఖాళీ అయిపోయింది. ఆయన చేతులు మాత్రం ఇంకా అలాగే చాచి ఉన్నాయి, ఇంకెవరో పోస్తున్నట్టు.