నీళ్లు తగ్గించిన తల్లి

2020 ఎండాకాలం. సూరత్‌లో ఒక ఆసుపత్రి పిల్లల యూరాలజీ వార్డులో నర్సుగా ఉన్నాను. లాక్‌డౌన్ వల్ల సగం మంచాలు ఖాళీ. అలాంటి రోజున అక్షితను నడుము నొప్పితో, చలిజ్వరంతో తీసుకొచ్చారు. తండ్రి రాజేశం ఉధ్నాలో పవర్‌లూమ్ మీద పనిచేస్తాడు. వాళ్లది జగిత్యాల వైపు.

ఎనిమిదేళ్ల అక్షిత మాకు పాత పేషెంటే. తనకు సిస్టినూరియా. తల్లి నుంచీ తండ్రి నుంచీ ఒకే లోపం చేరితే బిడ్డకు వచ్చే అరుదైన జబ్బు. సిస్టీన్ అనే పదార్థం మూత్రంలోకి ఎక్కువగా దిగి, కరగక రాళ్లు కడుతుంది. రాయి తీసినా జబ్బు పోదు. నీళ్లు బాగా తాగించాలి, ఉప్పు తగ్గించాలి, మూత్రంలో ఆమ్లం తగ్గించే సిట్రేట్ మందు రోజూ వేయాలి. అంతకుముందు తల్లి లక్ష్మి ఇవన్నీ శ్రద్ధగా చేసేది.

ఈసారి రాయి మూత్రనాళంలో అడ్డుపడి చీము పట్టింది. ఆలస్యమైతే కిడ్నీకే ముప్పు. కోవిడ్ రిపోర్టు కోసం ఆగకుండా డాక్టరుగారు పీపీఈ కిట్ వేసుకుని స్టెంట్ పెట్టారు. అంటే, మూత్రం దిగడానికి సన్నని గొట్టం. మెల్లగా జ్వరం తగ్గింది.

పిల్ల తాగే నీళ్లెందుకు తగ్గాయని డాక్టరుగారు అడిగితే, మరిచిపోయానని లక్ష్మి తల వంచుకుంది. నాకు నమ్మబుద్ధి కాలేదు. ఆయన వెళ్లాక పక్కన కూర్చుని, మీ ఇంట్లో బాత్రూం ఎక్కడుందని అడిగాను.

"ఇంట్ల ఏడిదక్కా? నవాగామ్‌ల మా గదుల లైనుకంతా ఒక్కటే సండాసు. పక్కగది ఆయన కరోనాతోటి పోయిండు. పిల్లను ఆడికి పంపాలంటె నా పానం వణికె. నీళ్లు తాగితెనే గదా పోవుడని నేనే తగ్గించిన."

అక్షిత కళ్లు తెరిచింది. "మమ్మీని ఏమనకు ఆంటీ. నాక్కూడా అక్కడికి పోవాలంటే భయం, డర్ లగ్తా."

బిడ్డను కాపాడుకోవాలనే ఆమె అలా చేసింది. గదిలోనే ఒక మూల చీర అడ్డం కట్టి, మూతున్న బకెట్ పెట్టుకోమన్నాను. లక్ష్మి మొహమాటపడింది. అంతదాకా గుమ్మం దగ్గర నిలబడ్డ రాజేశం, "రోజూ నేనే ఎత్తిపోస్త. పిల్లను మాత్రం తాగనియ్యి," అన్నాడు.

కొన్ని వారాల తర్వాత సన్నని టెలిస్కోపుతో రాయి తీసి, స్టెంట్ కూడా తీసేశారు. కిడ్నీ దక్కింది. రెండో వేవ్ ముగిశాక స్కాన్‌కు వచ్చినప్పుడు కొత్త రాళ్లేవీ లేవు.

ఇప్పుడు రాళ్లతో ఏ పిల్ల వచ్చినా, ఎన్ని నీళ్లు తాగాలో చెప్పేముందు, తాగాక ఎక్కడికి వెళ్తుందో అడుగుతాను.