మగ్గం గుంతలో జెర్రిపోతు

నా చిన్నప్పుడు మా అవ్వ మగ్గం కింది గుంతలో ఒక జెర్రిపోతు ఉండేది. పామును పెంచుకున్నామంటే గొప్పలు చెప్పుకున్నట్టుంటుంది. అది దానంతటదే గోడ పక్క బొరియలోంచి వచ్చేది, పోయేది. పోచంపల్లి దగ్గర మాది నేతవాళ్ల వాడ. మగ్గానికెక్కించే పడుగు నూలుకు గంజి పట్టిస్తాం కదా, ఆ గంజి రుచికి ఎలుకలు పోగులు కొరికేవి. ఆ ఎలుకల కోసం ఈ పాము వచ్చేది. అవ్వ గుంతలో కాళ్లు పెట్టుకుని నేస్తుంటే అది ఓ మూల చుట్టుకుని పడుకునేది. దానికి విషం ఉండదని, మన జోలికి రాదని అవ్వ నాకు చూపించి మరీ చెప్పింది. వాడలో మాత్రం దాని తోక తగిలితే కాలు కుళ్లిపోతుందని అందరికీ భయం. అందుకే గుంతలో పాముందన్న సంగతి మా ఇద్దరి మధ్యే ఉండేది.

అప్పుడు నాకు ఎనిమిదేళ్లు. మగ్గం మీద కూర్చోవాలని ఒకటే యావ. అవ్వ ముట్టుకోనిచ్చేది కాదు. ఒకనాడు పొద్దున్నే పెద్దవాళ్లంతా వీధిలో పడుగు చాపి గంజి పట్టిస్తుంటే, ఇదే సందని వెళ్లి మగ్గం ముందు కూర్చున్నాను. అవ్వ పక్కన పెట్టి వెళ్లిన నాడెను, అదే అడ్డపోగు నూలుండే కొయ్యను, పడుగులోకి విసిరాను. అది పోగుల మధ్యలో ఇరుక్కుంది. నేను చూసుకోకుండా, నేతను బిగించే పన్నె లాగి కొట్టాను. అరచేతి వెడల్పున పడుగు పుటుక్కున తెగింది. అది మా చిన్న మేనత్త పెళ్లికని అవ్వ నేస్తున్న చీర.

నా పై ప్రాణాలు పైనే పోయాయి. కిందికి చూస్తే జెర్రిపోతు ఎప్పటిలాగే మూలన పడుకుని ఉంది. దాన్ని చూడగానే నాకు అబద్ధం దొరికింది. పాము మీదికొచ్చింది, బెదిరి గెంతాను, పోగులు తెగాయి అని కేకలు పెట్టాను. మగవాళ్లు కర్రలు పట్టుకుని పరుగెత్తుకొచ్చారు. పాపం, అది బొరియ దాకా పోలేకపోయింది. కొట్టొద్దని అరుస్తూ అవ్వ వచ్చేసరికి అంతా అయిపోయింది.

మా దిక్కు నాగుపాము చస్తే పాలు పోసి దహనం చేస్తారు. జెర్రిపోతునైతే పెంటకుప్ప మీదికి విసిరేస్తారు. మా అవ్వ దాన్ని కొత్త బట్ట ముక్కలో చుట్టి, పెరట్లో గోరింట చెట్టు కింద పాతిపెట్టింది. ముసలిదానికి మతి పోయిందని వాడంతా నవ్వింది. ఆమె ఏడవడం నేనొక్కదాన్నే చూశాను.

చేతులు కడుక్కుని మగ్గం దగ్గరికి వచ్చింది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, వేళ్లకు బూడిద అద్దుకుని తెగిన పోగులు ఒక్కొక్కటే అతకసాగింది. ఇరుక్కున్న నాడె ఇంకా ఆ పోగుల మధ్యే ఉంది, నేను నేయబోయిన సంగతి చెబుతూ. దాన్ని మెల్లగా బయటికి తీసి నా ఒళ్లో పెట్టింది.

"పోగు తెగితే అతుకుత బిడ్డా," అంది. "పానం పోతే ఏం జెయ్యాలె?"

అప్పుడైనా నిజం చెప్పాల్సింది. ఒళ్లో నాడె పట్టుకుని అట్లాగే కూర్చుండిపోయాను. అత్త పెళ్లిలో ఆ చీర అతుకు ఎవరికీ కనపడలేదు, నాకు తప్ప. ఆ వానాకాలం ఎలుకలు చెలరేగిపోయి పడుగులు కొరికాయి. చూపు సరిగా ఆనకపోయినా అవ్వ కూర్చుని అతుకుతూనే ఉంది. పెద్దయ్యాక చెబుదాంలే అనుకుంటూ వచ్చాను. నేను అత్తగారింటికి వెళ్లిన ఏడాదే ఆమె పోయింది.

ఇప్పుడు చౌటుప్పల్‌లో కొడుకు దగ్గర ఉంటున్నాను. తెలంగాణ వచ్చాక ఈ చుట్టుపక్కల చేలన్నీ ప్లాట్లయ్యాయి, పాములు దాక్కునే జాగా లేదు. మొన్న పక్క ప్లాటులో పునాది తీస్తుంటే ఒక జెర్రిపోతు బయటపడింది. దానికి విషం లేదు, కొట్టొద్దని మేడ పైనుంచి ఎంత మొత్తుకున్నా కూలీలు వినలేదు. ఈ మోకాళ్లతో నేను మెట్లు దిగేసరికి చంపేశారు. నా చీర కొంగు చింపి దాని మీద కప్పాను. వెంట వచ్చిన మనవరాలు ఎందుకేడుస్తున్నావని అడిగింది. ఇన్నేళ్లలో మొదటిసారి నోరు విప్పి, ఆనాడు పాము నా మీదికి రాలేదని చెప్పాను.

అంతా విని, "మరి మీ అవ్వకు చెప్పినవా?" అంది.

లేదన్నాను. ఆ నాడె ఇప్పటికీ నా ఒళ్లోనే ఉన్నట్టుంటుంది.