లిఫ్టులో పట్టే ఆవు

మునీశ్వరి పదో తరగతి చదివిన ఏడాది ఒక ఆవుకు మేనేజరుగా పనిచేసింది. ఆ ఆవు పేరు బుడ్డక్క. పుంగనూరు పొట్టి జాతి. నిలబడితే మునీశ్వరి నడుము దాటదు గానీ, దాని టెక్కు మాత్రం మేడంత. వాళ్ల నాయన రంగప్ప కొట్టంలో రెండు సీమావులు బిందెలు నింపుతుంటే, బుడ్డక్క చెంబెడు పాలిచ్చి ఇంటిల్లిపాదినీ తన బాకీదారుల్లా చూసేది.

"అది ఇచ్చే పాలు కాఫీకే సాలవు. బోరు సూస్తే ఎండిపోతా ఉండాది. గడ్డి యాడ్నించి తెచ్చేది? ఎవురికన్నా ఇచ్చేస్తాం పాపా," అన్నాడు రంగప్ప ఒకరోజు, కూతురి మొహం చూడకుండా. చూస్తే అనలేడు. తల్లి చచ్చిపోయిన ఆ దూడను అయిదో తరగతిలో సీసాతో పాలు పట్టి పెంచింది మునీశ్వరే.

"దాని గడ్డి అదే సంపాయించుకుంటాది నాయనా. కొన్నాళ్లు టైమియ్యి."

పాలియ్యకుండా ఆవు ఎట్లా సంపాయిస్తుందో రంగప్పకు అర్థం కాలేదు. అయినా ఉగాది దాకా గడువిచ్చాడు.

మునీశ్వరికి ఆ ధైర్యం ఊరికే రాలేదు. వారం కిందట మదనపల్లెలో మేనత్త కొత్త ఫ్లాటు గృహప్రవేశం జరిగింది. నాలుగో అంతస్తు. ముందు ఆవు అడుగు పెట్టాలి కదా. తెచ్చిన ఆవు తలా ముందుకాళ్లూ లిఫ్టులో, మిగతా ఆవు బయట. తలుపు మూసుకోబోయి తెరుచుకుంటోంది, లిఫ్టులోని ఆడగొంతు ఇంగ్లీషులో ఏదో బతిమాలుతోంది, ముహూర్తం దాటిపోతోంది. చివరికి పురోహితుడు ఫోనులో ఆవు బొమ్మ చూపించి కానిచ్చేశాడు. ఇప్పటికీ ఆ ఇంట్లో గ్లాసు పగిలినా మేనత్త ఆ ఫోనునే తిడుతుంది.

మునీశ్వరి నోటుబుక్కు కాగితాలు చించి, స్కెచ్ పెన్నుతో రాసి, సిమెంటు కొట్లలోనూ పెయింటు కొట్లలోనూ అంటించింది: "లిఫ్టులో పట్టే ఆవు. పుంగనూరు, మదనపల్లె, కుప్పం. పేడ గ్యారంటీ."

నవ్వినవాళ్లే ఫోను చేశారు. శనివారం సెలవు ఎందుకని కసిరిన లెక్కల సారు, ఆవు డ్యూటీ అని విని కాసేపు ఆలోచించి, తన ఫ్లాటుకు తారీఖు రాయించుకున్నాడు. మదనపల్లెలో ఒక అపార్ట్‌మెంటు వాళ్లు, ఆరుగురు పట్టే లిఫ్టులో ఆవును ఎంతమందిగా లెక్కించాలని మీటింగు పెట్టారు. రెండు గంటలు వాదించుకుని రెండున్నర మంది అని తీర్మానం రాశారు. చివర్లో మిగిలిన అర మనిషి చోటు చాలదని పురోహితుణ్ణి మెట్లెక్కించారు.

బుడ్డక్కకు పని నేర్పింది మునీశ్వరే. హారతి ఇస్తేనే గడప దాటాలి. హాలులో ఒక చుట్టు తిరగాలి, పెట్టిన అరటిపండు తినాలి, వంటింటి దగ్గర పేడ వెయ్యాలి. ఎవరింట్లోనూ పడుకోకూడదు. పని కాగానే వెనక్కి తిరిగి ఆటో దగ్గరికి రావాలి, బెల్లం అక్కడే దొరుకుతుంది. నెల తిరిగేసరికి బుడ్డక్క ఇదంతా కరణం గారింత శ్రద్ధగా చేసేది. ఏ గదీ ఊడవని ఇల్లయితే పేడ వెయ్యకుండా ముక్కు ఎగబీల్చి నిలబడేది.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. బుడ్డక్క రచ్చే గెలిచింది. సాయంత్రం ఇంటికొస్తే సొంత కొట్టం ముందు ఆగిపోయేది. హారతి లేకపోతే కాలు కదపదు. తోసి చూశారు, లాగి చూశారు. చివరికి రంగప్పే పంచె ఎగ్గట్టుకుని, ఎవరూ చూడటం లేదని చూసుకుని, రోజూ కర్పూరం వెలిగించేవాడు. లోపలికి పోయాక కట్టెయ్యకపోతే పేడ వేసి, తిరిగొచ్చి ఆటో ఆగే చోట నిలబడేది.

గడ్డి మాత్రం సంపాయించింది. సీమావుల దాణా కూడా దాని కష్టమే. ఇంక ఉగాది వచ్చినా భయం లేదనుకుంది మునీశ్వరి.

అప్పుడు కుప్పం నుంచి ముద్దుకృష్ణ వచ్చాడు. గ్రానైటు వ్యాపారి. ఆయన కొత్తింట్లో బుడ్డక్క కాలుపెట్టి పదిరోజులైంది. ఆ రోజు నుంచీ దానిమీదే మనసట. దాన్ని అమ్మితే, బోరు ఇంకో నాలుగు వందల అడుగులు దించడానికి సరిపడా డబ్బు ఇస్తానన్నాడు.

"గడ్డి సంపాయిస్తే సాలన్నావు కదా నాయనా. సంపాయించింది."

"సంపాయించింది కాబట్టే అడగతాండారు పాపా. సేను ఎండిపోతే నేనేం జేసేది?"

మునీశ్వరి అక్కడి నుంచి లేచిపోయింది. దాన్ని కాపాడాలని ఊరూరా తిప్పింది తనే, తిప్పి గిరాకీ తెచ్చిందీ తనే. కొట్టం వెనక్కి పోయి వెక్కి వెక్కి ఏడ్చింది. బుడ్డక్క ఆటో ఎక్కి కుప్పం పోయింది. బోరులో నీళ్లు పడ్డాయి. ఆ నీళ్ల చప్పుడు వినలేక మునీశ్వరి నాలుగు రోజులు పొలం వైపు పోలేదు.

తొమ్మిదో రోజు ముద్దుకృష్ణ ఫోను చేశాడు. "రంగప్పా, మీ ఆవుకు ఏమైనా జబ్బా? హారతిస్తే లోపలికొస్తాది, పేడేస్తాది, పోయి గేటు కాడ నిలబడతాది. కట్టేస్తే గడ్డి ముట్టదు, ఇప్పితే నిలవదు."

మొన్నటి నుంచి పక్కిళ్లకు కూడా పోతోందట. ఏ గుమ్మంలో దీపం కనిపిస్తే ఆ ఇంట్లోకి పోవడం, పని ముగించుకుని రోడ్డుమీదికి రావడం. మొదట లక్ష్మీదేవి వచ్చిందని కాళ్లు కడిగారు. తర్వాత ఒక ఇంటి ఓనరు, ఆవు అడుగుపెట్టింది కాబట్టి ఇల్లు మళ్లీ కొత్తదైందని బాడుగ పెంచాడు. అద్దెకున్నవాళ్లంతా కర్రలు పట్టుకుని వాకిళ్లకు కాపలా కూర్చున్నారు.

తండ్రీకూతుళ్లు ఆటో మాట్లాడుకుని కుప్పం పోయారు. ఆటో చప్పుడు వినగానే బుడ్డక్క వీధి చివరి నుంచి పరుగెత్తుకొచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎక్కి నిలబడింది. డొక్కలు లోపలికి పోయి ఉన్నాయి. మునీశ్వరి బెల్లం ముక్క పెట్టి, మెడ కరుచుకుని వదల్లేదు.

"సార్, డబ్బులు బోరులో పోసేసినాం," అన్నాడు రంగప్ప తలొంచుకుని.

"డబ్బుల మాట ఎవురడిగినారప్పా. ఆవు నాదే, ఉండేది మీ కాడ. నా ఇంటిముందర పస్తుండి సస్తే ఆ పాపం నాకొద్దు." ముద్దుకృష్ణ మునీశ్వరి వైపు తిరిగాడు. గొంతు తగ్గింది. "తొమ్మిది దినాలు నా సేత్తో బెల్లం పెట్టినా పాపా. నా పక్క సూడనే లేదు. అప్పుడప్పుడూ తోలుకొస్తావా?"

"గృహప్రవేశమైతేనే వస్తాది సార్. దానికి ఆ పనొకటే తెలుసు."

ముద్దుకృష్ణ తలెత్తి తన మిద్దె వైపు చూశాడు. "అయితే ఆడ ఒక రూము ఏపిస్తా. శ్రావణానికి తోలుకురా."

దారి పొడవునా మునీశ్వరికి ఒకటే దిగులు. ఎవరింట్లోనూ నిలవొద్దని నేర్పింది తనే. తమ ఇల్లు కూడా దానికి ఎవరిదో ఇల్లేనేమో. పొద్దుగూకే వేళకు ఆటో ఇంటిముందు ఆగింది. మునీశ్వరి బుడ్డక్కను దించి, తాడు విప్పేసి, హారతి తట్టలో కర్పూరం వెలిగించి కొట్టం గడప దగ్గర నిలబడింది.

బుడ్డక్క తట్ట వైపు చూడలేదు. పక్కనుంచి తోసుకుంటూ లోపలికి పోయింది. చుట్టు తిరగలేదు. పేడ వెయ్యలేదు. సీమావుల మధ్య దూరి, వాటి ముందున్న గడ్డిలో సగం తనవైపు లాక్కుంది. మునీశ్వరి తట్ట పట్టుకుని, అది వెనక్కి తిరుగుతుందేమోనని చూస్తూ ఉండిపోయింది.

"తట్ట దించు పాపా, సెయ్యి కాలతాది," అన్నాడు రంగప్ప.

బుడ్డక్క ముందుకాళ్లు మడిచి పడుకుంది. బయట ఆటో స్టార్టయింది, వెనక్కి తిరిగింది, పుంగనూరు దారి పట్టింది. బుడ్డక్క తలైనా ఎత్తలేదు.