దొరగారి షజ్రాలో మా అమ్మ

చిన్నదొర మా అమ్మను మొట్టమొదటిసారి "అక్కా" అని పిలిచిన రోజే నాకు ఒళ్లు మండింది. ఆయన మీదనా, ఆ ఒక్క పిలుపుకే కరిగిపోయిన అమ్మ మీదనా అన్నది అప్పుడు తేల్చుకోలేకపోయాను. ఇన్నేళ్లయినా ఇద్దరి మీదా కొంచెం కొంచెం మిగిలే ఉంది.

డెబ్బైల నడిమి మాట ఇది. భూపరిమితి చట్టం వచ్చి, దొరలంతా ఉన్న భూమిని ఎవరి పేరు మీదికి మార్చాలా అని ఉరుకులు పెడుతున్న రోజులు. ఎడ్ల పేరునా, పెంపుడు కుక్కల పేరునా కూడా రాయించారని జనం నవ్వుకునేవాళ్లు. ఎడ్లూ కుక్కలూ అయిపోయినట్టున్నాయి, మా ఊరి దొర కుటుంబానికి మా అమ్మ గుర్తొచ్చింది.

అమ్మ దొర గడీలో పుట్టింది. అమ్మమ్మ అక్కడి దాసి. అమ్మ తండ్రి పెద్దదొరేనని ఊరందరికీ తెలుసు, ఎవరూ నోరు తెరిచి అనరు. అమ్మ ముక్కూ నుదురూ చూస్తే చాలు, ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. రజాకార్ల లొల్లిలో దొరల ఇళ్లు చెదిరినప్పుడు, తాపీమేస్త్రీ అయిన మా నాయన ఆమెను పట్నం తీసుకొచ్చి పెళ్లి చేసుకున్నాడు. చాంద్రాయణగుట్టలో రెండు గదుల ఇల్లు. నాయన పోయాక నేను కంచన్‌బాగ్‌లో ఫ్యాక్టరీ పనిలో చేరాను. రేషన్ కార్డు దగ్గరైనా, దవాఖానాలోనైనా గుమాస్తా "తండ్రి పేరు?" అని అడిగితే అమ్మ కొంగు సర్దుకుంటూ "రాయకుండ్రి సారూ" అనేది. చిన్నప్పుడు ఆమె పక్కన నిలబడి ఆ మాట వినడం నాకు చెంపదెబ్బలా ఉండేది.

చిన్నదొర అంటే, ఎప్పుడో కాలం చేసిన పెద్దదొర కొడుకు. షాలిబండలో పెద్ద ఇల్లు. కారు మా గల్లీలో పట్టక, మొదట్లోనే దిగి నడిచొచ్చాడు. అమ్మ గడపలో నిలబడే ఉంది. తను కూర్చుంటే దొర ముందు తప్పవుతుందని భయం.

"కూసో అక్కా. మనం మనం ఒకటే రక్తం గదా," అన్నాడు.

అమ్మ కూర్చుంది. యాభై ఏళ్ల మనిషి, బడిపిల్లలాగ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

ఆయనకు కావలసింది షజ్రా. మా దిక్కు వంశావళిని అలాగే అంటారు. ఏడు తరాల కిందట ఏ నవాబు ఎవరికి ఏ ఊరి భూమి మక్తాగా ఇచ్చాడు, ఎవరికి ఎందరు కొడుకులు, ఎవరి వాటా ఎవరికి పోయింది, అంతా పాత ఉర్దూ కాగితాల్లో ఉంది. చిన్నదొర ఇంగ్లీషు చదువుల మనిషి, ఆ గొలుసుకట్టు రాత ఒక్క ముక్క రాదు. నాకొచ్చు. చార్మినార్ వెనక గాజుల దుకాణం పైన కూర్చునే ముసలి మున్షీ సాబ్ దగ్గర, డ్యూటీ దిగాక నాలుగేళ్లు కూర్చొని నేర్చుకున్నాను. కాగితాలు ఒక గోనెసంచి నిండా తెచ్చి మా ఇంట్లో పెట్టాడు. తన ఇంటి గుట్టంతా ఎవరికిస్తున్నాడో చూసుకోలేదు. దాసి మనవడికి చదువొస్తే అది తమ పనికే వస్తుందని వాళ్ల లెక్క.

"షజ్రాల అక్క పేరు గూడ రాయి. నాయన కింద, మా అందరి పక్కన," అన్నాడు పోతూ పోతూ.

ఆ రాత్రి నుంచి అమ్మ వేరే మనిషి. నేను కూర్చొని పేర్లు ఎక్కిస్తుంటే పక్కన చేరి, "నా పేరు ఏడుందిరా? చూపెట్టు," అనేది. ఉర్దూ సరే, తెలుగు అక్షరమే రాని మనిషి ఆ గీత మీద వేలు పెట్టి, అక్కణ్నుంచి పైకి, తండ్రి పేరు దాకా తడుముకుంటూ పోయేది. భూమి గురించి ఒక్కమాట అడగలేదు. ఆ పేరు కింద తన పేరు ఉంటే చాలు, అంతే ఆమెకు కావలసింది. నాకు కోపం వచ్చేది. కోపం కన్నా ఎక్కువగా ఏడుపొచ్చేది.

రెండు వారాలకు అసలు పని బయటపడింది. పెద్దదొర తన బిడ్డ పెళ్లికి పసుపుకుంకుమ కింద ఇరవై ఎకరాలు ఇచ్చినట్టు ఒక పాత కాగితం కావాలట. ఆ బిడ్డ మా అమ్మ. కాగితం లేదు కనుక నేను రాయాలి, పాత కాలం రాతలో, పాత కాగితం మీద. సీలింగ్ ఆఫీసులో అమ్మ వచ్చి అవునంటే ఆ ఇరవై ఎకరాలు లెక్కలోంచి తప్పుకుంటాయి. తర్వాత ఆమె దాన్ని చిన్నదొరకే తిరిగి రాసిస్తుంది. నేను ఒప్పుకున్నాను. అమ్మ మొహం చూసి ఒప్పుకున్నానని చెప్పుకుంటాను గానీ, అబద్ధపు కాగితం రాసిన చేయి నాదే.

పెద్దదొర చేవ్రాలు ఎలా ఉండేదో చూద్దామని సంచి అడుగు దాకా వెతికాను. అక్కడ దొరికింది ఒక పెళ్లి ఫేరిస్తు. పెద్దదొర పెద్దబిడ్డను అత్తవారింటికి పంపేటప్పుడు వెంట ఇచ్చిన వస్తువుల జాబితా. రెండు చోట్ల చదవరాక మున్షీ సాబ్ దగ్గరికి తీసుకుపోయాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసి, గట్టిగానే చదవడం మొదలుపెట్టాడు. పాడిబర్రెలు నాలుగు. కచ్చడం బండి ఒకటి. ఇత్తడి గంగాళాలు రెండు. ఆడబాప ఒకతి. అక్కడ ఆగాడు.

ఆడబాప అంటే తెలియని తెలంగాణ మనిషి ఆ కాలంలో లేడు. దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే వెంట పంపే దాసిపిల్ల. ఒళ్లు రుద్దాలి, కాళ్లు పిసకాలి, ఆ ఇంటి మగవాళ్లు పిలిస్తే పోవాలి. తిరిగి రావడమన్నది లేదు. ఆ ముక్క పక్కన మా అమ్మ పేరుంది. ఫలానా దాసి బిడ్డ అని అమ్మమ్మ పేరుంది. వయసు తొమ్మిదేళ్లు. కింద పెద్దదొర చేవ్రాలు.

"తుమ్హారీ వాలిదా హై క్యా బేటా?" అన్నాడు మున్షీ సాబ్ నా మొహం చూసి. మీ అమ్మనా అని. ఆయన కాగితం మడిచి నా చేతిలో పెట్టి, ఆ పూట ఇంకే పనీ చెప్పలేదు.

కన్నబిడ్డను ఇంకో కన్నబిడ్డకు సారెలో పెట్టి పంపాడు. బర్రెల తర్వాత, గంగాళాల తర్వాత! ఇంటికొచ్చి కాగితం అమ్మ ముందు పడేశాను. చదివి వినిపించాను. ఆమె చింతపండు పిక్కలు తీస్తోంది. చేయి ఆగలేదు.

"నాకు తెల్వదారా? పోయింది నేనే గద," అంది.

"తెలిసి గూడ వానికి సాక్షెమిస్తవా?"

"షజ్రాల పేరు పడ్డది గదరా. సచ్చేలోపల గదొక్కటి ఉండనీ."

అరిచాను. సిగ్గులేదా అన్నాను. కన్నతల్లిని అనకూడని మాటలు అన్నాను. ఆమె పిక్కలు ఏరుతూనే ఉంది. చివరికి, "నువ్వు రాకుంటే నేనొక్కదాన్నే పోత," అంది. వెళ్లక ఏం చేస్తాను.

విచారణ రోజు ఆఫీసు వరండాలో అమ్మను బెంచీ మీద కూర్చోబెట్టి, చిన్నదొర నన్ను పక్కకు పిలిచాడు. పక్కకంటే ఎంత, నాలుగడుగులు.

"కేసు అయినంక షజ్రా ఇంకో నకలు తియ్యి, ఇంట్ల పెట్టుకునేతందుకు. దాంట్ల మీ అమ్మ పేరొద్దు. మా బిడ్డకు సంబంధాలు చూస్తున్నం, నలుగురు చూస్తరు. ఏమనుకోకు."

నేను వెనక్కి తిరిగాను. అమ్మ మమ్మల్నే చూస్తోంది. విన్నదని ఆమె కళ్లే చెప్పాయి. లేచి, కొంగు నడుముకు చెక్కుకుంది.

లోపల ఆఫీసర్ కాగితాలు తిప్పుతూ అడిగాడు. నేను రాసిన దొంగ కాగితం పైనే ఉంది. "ఏమమ్మా, మీ నాయన నీ పెండ్లిల పసుపుకుంకుమ కింద ఇరవై ఎకరాలు ఇచ్చిండా?"

"నా పెండ్లికి ఆయన రాలే సారూ. భూమి ఇయ్యలే," అంది అమ్మ. "పెద్దక్క పెండ్లిల నన్నిచ్చిండు. బర్రెలతోని తోలిచ్చిండు. తొమ్మిదేండ్ల దాన్ని."

చిన్నదొర మొహం మాడిపోయింది. వకీలు లేచి, ముసలామెకు మతి సరిగ్గా లేదన్నాడు. అప్పుడు నేను జేబులో మడిచి పెట్టుకున్న ఫేరిస్తు తీసి బల్ల మీద పెట్టాను. ఆఫీసర్ దాన్ని చూశాడు, అమ్మ ముక్కు చూశాడు, చిన్నదొర ముక్కు చూశాడు. కలం తీసి ఒక్క ముక్క రాసుకున్నాడు. సాక్షికి భూమి ముట్టలేదని.

"వేలిముద్ర ఎయ్యమ్మా."

"ఏం రాసిన్రు సారూ?"

చెప్పాడు. అమ్మ చేయి వెనక్కి తీసుకుంది. "నేను ఆయన బిడ్డనని రాయలే. నన్ను ఇచ్చిండని రాయలే. గది రాస్తెనే వేలేస్త."

కేసుకు అది అవసరం లేదన్నాడు ఆఫీసర్. వకీలు నవ్వాడు. బయట ఇంకో పది మంది ఎదురుచూస్తున్నారు, టైమ్ అవుతోందని బంట్రోతు కసిరాడు. అమ్మ కదల్లేదు. ఆ బల్ల ముందు నేల మీద చతికిలబడి, వేళ్లు పిడికిట్లో ముడుచుకుని కూర్చుంది. ఎంతసేపో నాకు గుర్తులేదు. ఎవరూ బలవంతంగా లేపలేకపోయారు. చివరికి ఆఫీసర్ విసుక్కుంటూ కాగితం దగ్గరికి లాక్కుని రాశాడు. రాసింది నా వైపు తోశాడు, చదివి చెప్పమని.

"నేను పెద్దదొర కూతురిని," అని మెల్లగా చదివాను. "నన్ను నా తండ్రి..."

అమ్మ చిన్నదొర వైపు చేయి చూపింది.

"గట్టిగ చదువురా కొడుకా. మా తమ్మునికి ఇనబడాలె."